అగ్నివాచకములు: జాలరిపేట వాడుకయు, కల్పితభాషల రీతియు

అగ్నిని, దాని జ్వాలను, పుట్టుట, పెరుగుట, ఆరుట యను దాని అవస్థలను తెలుపు పదముల సముదాయమును అగ్నివాచకములందురు. నిప్పునకొక పేరు లేని మానవభాష లేదు. కథలకొరకును, చలనచిత్రములకొరకును భాషలను నూతనముగా కల్పించినవారు సైతము సూర్యుడు, నీరు, నెత్తురు, నిప్పు అను మాటలను తొలుతనే ఏర్పరచుకొనవలసినవారైరి. ఈ వ్యాసమున విశాఖపట్టణమునందలి జాలరిపేటను, దాని పరిసరములను ఆధారముగా గొని తెలుగు అగ్నివాచకముల స్వరూపము వివరింపబడును. పిదప కల్పితభాషలలో అట్టి పదముల నిర్మాణము ఏ రీతిని జరిగినదో చెప్పబడును. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తెల్లమగు సత్యమొకటి కలదు: నిప్పును గూర్చిన మాటల సంపద నిఘంటుకర్త యొక్క ఊహాశక్తి వలన గాక, నిప్పుతో నిత్యము పనిచేయువారి యవసరముల వలన పెరుగుచున్నది.

విశాఖ తీరమున పెదజాలరిపేట, చినజాలరిపేట యనునవి జాలరులును, వాడబలిజలును తరతరములుగా నివసించుచున్న వాడలు. వీరి భాష తెలుగే. ఈ పేటలకు దక్షిణముగా 1933లో ఓడలకు తెరువబడిన నౌకాశ్రయమును, దానిని కాచుచున్న డాల్ఫిన్ నోస్ కొండమీద 1957లో వెలసిన దీపస్తంభమును, మల్కాపురము వైపున అదే యేట ప్రారంభమైన చమురుశుద్ధి కర్మాగారమును, ఇంకను నైరుతిదిక్కున ఉక్కు కర్మాగారమును ఉన్నవి. కట్టెలపొయ్యి మొదలు కరగిన ఇనుము వరకు, ప్రమిద మొదలు దీపస్తంభము వరకు, అగ్నియొక్క ఇన్ని రూపములు ఇంత స్వల్పదూరములో కానవచ్చు చోటు తెలుగుదేశమున మరియొకటి యుండుట అరుదు. అందువలననే అగ్నివాచకములను పరిశీలింపగోరువాడు ఇచ్చట మొదలిడుట యుక్తము.

తెలుగున అగ్నిని తెలుపు దేశ్యపదములలో ముఖ్యములైనవి నిప్పు, చిచ్చు, మంట. తత్సమములలో ప్రధానమైనది అగ్ని; దానికి ప్రాకృతము ద్వారా వచ్చిన తద్భవము అగ్గి. ఈ నాలుగైదు మాటలును పర్యాయపదములని బడిపుస్తకములు చెప్పుచుండును గాని, వాడుకలో ఒకదాని స్థానమున మరియొకటి నిలువజాలదు. పొయ్యిలో నున్నది నిప్పు. పొయ్యినుండి పైకి లేచునది మంట. అడవిని కబళించునది చిచ్చు. పెట్టెలో పుల్లగా నుండి గీసినంతనే వెలుగునది అగ్గి. హోమకుండమున నెలకొనునది అగ్ని. అగ్గిపెట్టెను నిప్పుపెట్టె యనువాడు లేడు. భోగిమంటను భోగినిప్పు అనువాడును లేడు. కార్చిచ్చు అను సమాసమున కారు అనగా అడవి. ఆ చిచ్చే నేడు చిచ్చుబుడ్డిలోను, చిచ్చరపిడుగులోను, ఇరుగుపొరుగుల నడుమ 'చిచ్చుపెట్టుట' యందును మిగిలి, స్వతంత్రపదముగా క్షీణించినది.

ఈ పదముల పూర్వచరిత్రను ద్రావిడ భాషాశాస్త్రము చాలవరకు తేటపరచినది. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించి, 1984లో పెంపొందించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వలన తెలుగు నిప్పునకును తమిళము నెరుప్పునకును గల బాంధవ్యము తెలియవచ్చుచున్నది. చిచ్చునకు కన్నడమున కిచ్చు అని రూపము. ఇ, ఎ మొదలగు తాలవ్యాచ్చులకు ముందున్న ఆదికకారము తెలుగున చకారమగుట ప్రసిద్ధమైన మార్పు: కన్నడము కివి తెలుగున చెవియైనది, కెఱె చెరువైనది, అటులనే కిచ్చు చిచ్చైనది. మంట యనునది మండు ధాతువు నుండి పుట్టినది. పండు నుండి పంటయు, వండు నుండి వంటయు ఇదే తీరున ఏర్పడినవి. పంట, వంట, మంట యను మూడును ఒక్క అచ్చున పోతపోసినట్లుండుట పిల్లలకు వ్యాకరణము నేర్పుటకు చక్కని యుదాహరణము. కాలు, కాల్చు, కాగు, కాచు, కాక యను నివి ఒక కుటుంబము. వేగు, వేడి, వెచ్చన, వెట్ట, వేసవి మరియొక కుటుంబము. మొదటిది నిప్పు వస్తువును తాకినప్పటి స్థితిని, రెండవది ఆ వేడిమి వ్యాపించిన స్థితిని ప్రధానముగా తెలుపుచుండును.

అయినను నామవాచకములకంటె క్రియలయందే తెలుగు తన సూక్ష్మదృష్టిని ఎక్కువగా చూపినది. నిప్పు కలిగించు పని యొక్కటే యైనను, దేనికి కలిగించుచున్నారో దానినిబట్టి క్రియ మారును. దీపమును వెలిగింతురు, లేదా పెట్టుదురు, పొయ్యిని రాజేయుదురు, చుట్టను ముట్టింతురు, గడ్డివామును అంటింతురు, పగవాని యింటిని తగులబెట్టుదురు, శవమునకు నిప్పు పెట్టుదురు. దీపమును తగులబెట్టితినని గాని, చితిని వెలిగించితినని గాని తెలుగువాని నోట రాదు. అట్లే ఆరుటయందును భేదము కలదు. పొయ్యి ఆరును, నిప్పులు చల్లారును, కాని దేవునియెదుటి దీపము ఆరినదనుట అశుభమని తలచి 'కొండెక్కినది' అందురు. క్రియయొక్క యెన్నికలోనే చేయువాని యుద్దేశము, ఆ వస్తువుపట్ల గౌరవము, శుభాశుభభావము ఇమిడియున్నవి. ఇంతటి వివక్ష నిఘంటువు చూచి నేర్చుకొనుటకు వీలుగానిది. ఇంటిలో పెరిగి నేర్చుకొనవలసినది.

నిప్పు పుట్టి చచ్చువరకు దాని యవస్థలకును పేర్లు కలవు. మిణుగురు లేక రవ్వ దాని శైశవము. అది అంటుకొనును, రాజుకొనును, రగులును, మండును, భగ్గుమనును. మంట తగ్గిన పిమ్మట మిగులు ఎఱ్ఱని కట్టెముక్కలు కణకణలాడు నిప్పులు. సగము కాలి కొననంటుకొని యున్న కట్టె కొఱవి లేక కొఱకంచు. ఆ నిప్పులపై పేరుకొను పలుచని తెల్లని పొర నివురు. నివురును బూడిదయు ఒకటిగావు, నివురు క్రింద నిప్పుండును, బూడిద క్రింద ఏమియు నుండదు. వెలికి కనబడని వైరమునకు, అడగియున్న ప్రతిభకు నివురుగప్పిన నిప్పని చెప్పుట ఈ భేదము తెలిసినవారి భాష. పొగ, మసి, నుసి, బొగ్గు అనునవి దాని సంతానము. మంటలోనుండి వెలువడి దూరమునకు తగులు వేడిమి సెగ. సెగకు తెలుగులో నున్న స్పష్టతతో సమానమైన తత్సమము దొరకుట కష్టము.

జాలరి యింటి వంటగది ఈ పదములకు జీవస్థానము. తీరప్రాంతమున సరుగుడుకట్టె, తాటికమ్మ, కొబ్బరిడొక్క, పిడక చిరకాలముగా వంటచెరకులు. కమ్మ భగ్గుమని మండి క్షణములో చల్లారును. సరుగుడు నిలుకడగా మండి గట్టి నిప్పులనిచ్చును. పిడక మెల్లగా రగులుచు పొగయెక్కువ జేయును. ఒక్కొక్క యింధనమునకు ఒక్కొక్క క్రియ సహజముగా కుదిరినది. చేపను వండు రీతులను చెప్పునపుడు నిప్పు సంబంధమైన క్రియలే మరల మరల వచ్చును: నిప్పులపై నేరుగా నుంచినది కాల్చిన చేప, నూనెలో వేగినది వేపుడు, నీరింకునట్లు వండినది ఇగురు, సలసల కాగిన చింతపండు రసములో ఉడికినది పులుసు. ఏమరుపాటున మాడుట, కమరుట యను రెండు దోషములలో మాడినది నల్లనగును, కమరినది వాసనపట్టును.

ఉత్తరాంధ్ర తీరమున నిప్పును గూర్చిన ఆచారములలో బహుళముగా శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించినది అడ్డపొగ. చుట్టయొక్క మండుచున్న కొనను నోటిలోపల నుంచుకొని పొగపీల్చుటకు అడ్డపొగ యని పేరు. విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల తీరగ్రామములలో ఈ యలవాటు ముఖ్యముగా స్త్రీలయందు, అందును వయసుమళ్ళిన స్త్రీలయందు వ్యాపించియుండెను. గాలికిని, తుంపరకును చుట్ట ఆరకుండునని, ఒక్క చుట్ట చాలసేపు వచ్చునని దీనికి కారణము చెప్పుదురు. నిప్పును బయటి గాలినుండి దాచుటకు తమ నోటినే కుంపటిగా జేసికొన్న ఈ తల్లులు అందుకు చెల్లించిన మూల్యము మిక్కిలి ఘోరమైనది. ఇతరదేశములలో అరుదైన అంగిటి పుండు, అంగిటి క్యాన్సరు ఈ ప్రాంతమున విశేషముగా నుండుటను విశాఖ వైద్యులు గుర్తించి, అడ్డపొగకును దానికిని గల సంబంధమును ఇరువదియవ శతాబ్దమున పరిశోధనల ద్వారా స్థాపించిరి. 1923లో స్థాపితమైన ఇచ్చటి ఆంధ్ర వైద్యకళాశాల పేరు ప్రపంచ వైద్యగ్రంథములలో కానవచ్చుటకు ఈ విషయము ఒక కారణము. ఈ యలవాటు నేడు తగ్గుచున్నది. మాట తగ్గినను దుఃఖింపవలసినది లేదు.

పండుగలయందు అగ్నివాచకములు మరియొక వెలుగున గానవచ్చును. సంక్రాంతికి ముందునాటి వేకువను వేయునది భోగిమంట. చలికాలమున వీథిచివర వేసికొనునది చలిమంట. పెద్దకట్టెలతో రాత్రియెల్ల మండునట్లు పేర్చినది నెగడు. గ్రామదేవతల మ్రొక్కుబళ్ళలో నిప్పులు పఱచిన గుండమును త్రొక్కుదురు. అక్కడ 'నిప్పులు' బహువచనమే గాని ఏకవచనము రాదు. దీపావళినాటి సాయంకాలమున ఉత్తరాంధ్రలో బాలురు గోగుకాడలకు నూనెలో తడిపిన గుడ్డపీలికలు చుట్టి వెలిగించి, వీథిలో నేలకు కొట్టుచు త్రిప్పుట వాడుక. ఇంటి పెద్ద మరణించినపుడు జ్యేష్ఠపుత్రుడు పెట్టునది తలకొఱివి. పుట్టినప్పటి దీపము మొదలు తుదినాటి కొఱివి వరకు నిప్పునకొక్కొక్క ఘట్టమున ఒక్కొక్క పేరున్నది.

సముద్రముతో బ్రదుకువారికి పురాణమిచ్చిన అగ్ని బడబానలము. ఔర్వుడను భార్గవ ఋషి కోపమునుండి పుట్టిన అగ్ని లోకమును దహింపబోగా, దానిని సముద్రమున విడిచిరని, అది ఆడుగుఱ్ఱపు ముఖముతో జలమును త్రాగుచు నీటి యడుగున మండుచున్నదని కథ. నదులన్నియు వచ్చి చేరుచున్నను సముద్రము పొంగి పొరలకుండుటకు ఇది పూర్వుల సమాధానము. అమరకోశము అగ్నికి ముప్పదికి మించిన పేర్లిచ్చి, వెనువెంటనే ఈ బాడబాగ్నిని చెప్పినది. ఆ పేర్ల పట్టిక ఒక దర్శనము వంటిది: తాను ఆశ్రయించినదానినే తినునది గనుక ఆశ్రయాశము, నడచిన దారి నల్లనగును గనుక కృష్ణవర్త్మ, గాలికి మిత్రుడు గనుక వాయుసఖుడు, వేకువను మేల్కొనువాడు గనుక ఉషర్బుధుడు, పవిత్రము చేయువాడు గనుక పావకుడు. చిత్రభాను నామము మన యరువది సంవత్సరముల చక్రమున పదునాఱవ యేటి పేరై నేటికిని పంచాంగములలో నిలిచియున్నది. జ్వాలకు అమరకోశమిచ్చిన పేర్లు జ్వాల, కీల, అర్చి, హేతి, శిఖ, అగ్నికణమునకు స్ఫులింగము.

జ్వాలలను ఇంకను వివరముగా వేఱుపఱచినది ముండకోపనిషత్తు. అందు అగ్నికి ఏడు నాలుకలు చెప్పబడినవి: కాళి, కరాళి, మనోజవ, సులోహిత, సుధూమ్రవర్ణ, స్ఫులింగిని, విశ్వరుచి. వీనిలో నల్లనిది, భయంకరమైనది, మనోవేగము గలది, మిక్కిలి ఎఱ్ఱనిది, పొగరంగుది, రవ్వలు చిమ్మునది, అంతటను ప్రకాశించునది యని మంటయొక్క వర్ణమును, గతిని, స్వభావమును కనిపెట్టిన చూపు వ్యక్తమగుచున్నది. హోమకుండము ముందు ప్రతిదినమును కూర్చుండి చూచినవారికే ఈ యేడు పేర్లు తోచును. గార్హపత్యము, ఆహవనీయము, దక్షిణాగ్ని యను మూడగ్నుల విభాగమును అట్టిదే. యజ్ఞము కూడ ఒక వృత్తి. దాని పనివారును తమ నిప్పునకు తమకు కావలసిన పేర్లను పెట్టుకొనిరి.

ఇచ్చట లింగవిషయమైన ఒక విశేషము చెప్పవలసియున్నది. సంస్కృతమున అగ్ని పుంలింగము, జ్వాల స్త్రీలింగము. తెలుగున రెండును అమహత్తులే: అగ్ని మండుచున్నది, జ్వాల లేచుచున్నది. కాని అదే అగ్ని దేవతగా భావింపబడినంతనే అగ్నిహోత్రుడై, అగ్నిదేవుడై, మహద్వాచకమున చేరును. ఇండో యూరోపియను భాషలలో ఈ ద్వైధీభావము ఇంకను ప్రాచీనమైనది. సంస్కృతము అగ్ని, లాటిను ఇగ్నిస్, లిథువేనియను ఉగ్నిస్ ఒక మూలమునుండి వచ్చినవి. గ్రీకు పిర్, ఆంగ్లము ఫైర్ వేఱొక మూలమునుండి వచ్చినవి. మొదటిది ప్రాణముగల శక్తిగాను, రెండవది జడపదార్థముగాను అగ్నిని భావించిన పేర్లని భాషావేత్తల యభిప్రాయము.

తెలుగు అగ్నివాచకములలో అన్నింటికంటె విలువైన భాగము అనుకరణపదములని ఈ వ్యాసకర్త విశ్వాసము. మంట భగభగ, నిప్పులు కణకణ, కట్టె చిటపట, కాగు నీరు సలసల, ఉడుకు కూర కుతకుత, ఎండకు ఒడలు చురచుర, ఎఱ్ఱని యెండలో మొక్క మలమల, చమురు తగ్గిన దీపము మిణుకుమిణుకు. గాలి తగిలి ఒక్కసారిగా లేచినది భగ్గుమన్నది. వ్యాపించి మండినది గుప్పుమన్నది. ధ్వని లేని వెలుగునకును తెలుగు ధ్వనిని కల్పించినది: కణకణయందు గాని మిణుకుమిణుకునందు గాని చెవికి వినబడు శబ్దమేదియు లేదు; కంటికి తోచినదానిని నోటి చప్పుడుగా మార్చిన శక్తి అందున్నది. నిఘంటువులు ఈ మాటలకు తగిన స్థానమీయలేదు. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరముగాని, తరువాతి సూర్యరాయాంధ్ర నిఘంటువుగాని కావ్యప్రయోగములను ప్రమాణముగా గొన్నవగుటచే, వంటయింటిలోను, పడవమీదను పలుకబడు మాటలలో చాలభాగము వానికి వెలియై యుండెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదములతో మొదలైన మాండలిక వృత్తిపదకోశము ఈ లోటును తీర్చుటకు వేసిన మొదటి గట్టి యడుగు. వృత్తివారి నోటినుండి పదములను సేకరించు ఆ పద్ధతి అగ్నివాచకములకు అత్యంతము ఉపయుక్తము.

వృత్తులలో నిప్పునకు నిజమైన స్వామి కమ్మరి. కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు అతని పరికరములు. ఇనుము కాగినపుడు మీదికి తేలు మలము చిట్టెము. నేటి నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రము వంటి గ్రామములలో ఈ పరిభాషతోనే, దూరదేశముల ఖడ్గములకు వాసికెక్కిన ఉక్కును తయారుచేసిరి. 1966నాటి ఉక్కు ఉద్యమ ఫలముగా, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారిచే జాతికంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారమున మాత్రము ఆ పరిభాష అడుగిడలేదు. అక్కడ కొలిమి బ్లాస్ట్ ఫర్నేసు, చిట్టెము స్లాగు, కరగిన ఇనుము హాట్ మెటల్. ఇనుము కరగుటకు 1538 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమి కావలయును. ఫర్నేసులో కోకు మండి పుట్టిన కార్బన్ మోనాక్సైడు ఖనిజములోని ప్రాణవాయువును లాగివేయగా, ద్రవలోహము అడుగున చేరును. ఆ మహాగ్ని గోడలలోపల జరుగునదే గాని మంటగా బయటికి కానరాదు. మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లిడుట ఎంతయు ఉచితముగ నున్నది: రెండు నదుల పేర్లును, అన్నమిడు తల్లి పేరును నిప్పునకు పెట్టిన ఈ నామకరణము, ఆ కర్మాగారమును ఆంధ్రులు తమ పంటపొలములతో సమానముగా తలచిరనుటకు నిదర్శనము. చిట్టెము, కొలిమి యను మాటలకు కూడ అట్టి యాదరము లభించియున్న యెడల తెలుగు సాంకేతిక పరిభాష ఎంతో బలపడియుండెడిది.

అగ్ని యుపద్రవమైనపుడు భాష రెండుగా చీలును. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో నిప్పంటుకొని ముప్పదికి మించిన మరపడవలు దగ్ధమైనవి. పడవలలో నిలువయున్న డీసెలును, వంటగ్యాసు సిలిండర్లును మంటలను మరింత పెంచినవి. పత్రికలు దానిని 'అగ్నిప్రమాద'మని వ్రాసినవి. 'అగ్నిమాపక' శకటములు వచ్చినవని తెలిపినవి. పడవలు పోగొట్టుకొన్న కుటుంబములు పలుకు మాట 'తగలబడిపోయాయి', 'కాలి బూడిదైపోయాయి' అనియే. మొదటిది లెక్కకు సరిపోవు భాష, రెండవది నష్టమును మోయు భాష, రెండును కావలసినవే. అగ్నిమాపక మను మాటయందలి మాపక శబ్దము సంస్కృతమున కొలుచునదనియే చెప్పును, ఉష్ణమాపకమునందు ఆ యర్థమే యున్నది. ఇచ్చట మాత్రము రూపుమాపుట యను తెలుగు ధాతువునకు సంస్కృతప్రత్యయము చేరినట్లు తోచుచున్నది. పుట్టుక మిశ్రమైనను అందఱి నోట నిలిచినది గనుక దానిని తప్పుపట్టుట వృథా.

ఇక కల్పితభాషలు. వీనిలో అగ్నివాచకములను శాస్త్రీయముగా నిర్మించినవారిలో అగ్రగణ్యుడు ఆంగ్ల భాషాశాస్త్రజ్ఞుడు, కథకుడు జె.ఆర్.ఆర్. టోల్కీన్. ఆయన సుమారు 1915 నుండి తన జీవితాంతము, అనగా 1973 వరకు, పెంచుచు మార్చుచు వచ్చిన క్వెన్యా భాషలో నిప్పునకు, జ్వాలకు పేరు నార్. దాని సోదరభాషయగు సిందారిన్‌లో నౌర్. ఆ ధాతువునుండియే అనార్ అను సూర్యవాచకము, నార్యా అను అగ్న్యంగుళీయకపు పేరు, ఫెయనారో, అనగా అగ్నిస్వరూపమైన ఆత్మ, యను వీరుని పేరు పుట్టినవి. ఎఱ్ఱని జ్వాలకు వేఱుగా సిందారిన్‌లో రుయిన్ అను మాట కలదు. ఒరోద్రుయిన్ అను అగ్నిపర్వతనామమున అది వినబడును. ఒక్క ధాతువునుండి పదములు శాఖోపశాఖలుగా పెరుగుట, ఒకే మూలము రెండు భాషలలో వేర్వేఱు ధ్వనులతో నిలుచుట, మన నిప్పు నెరుప్పులను, చిచ్చు కిచ్చులను స్ఫురింపజేయుచున్నవి. టోల్కీన్ గొప్పతనము ఇచ్చటనే యున్నది: ఆయన మాటలను కల్పింపలేదు, మాటల చరిత్రను కల్పించెను.

అమెరికను రచయిత జార్జ్ మార్టిన్ తన నవలలో 2000 సంవత్సరమున 'డ్రకారిస్' అను ఒక్క ఆజ్ఞాపదమును వాడెను; అది డ్రాగనుల నోటినుండి వెలువడు అగ్ని. తరువాత దూరదర్శన ధారావాహికకొరకు డేవిడ్ పీటర్సన్ హై వలీరియను భాషను నిర్మించుచు సాధారణాగ్నికి 'పెర్జిస్' అను వేఱొక మాటను సృష్టించి, ఈ రెంటిని సౌరలింగమున చేర్చెను; ఆ భాషలో నామవాచకములకు చాంద్ర, సౌర, పార్థివ, జలీయములని నాలుగు లింగములు. అగ్నివాచకములు సూర్యుని పక్షమున నిలుచుట సముచితమే గాని, ఆ చేర్పునకు ఆధారము పదాంతమందలి సకారమే. అయినను పొయ్యిలోని నిప్పునకును డ్రాగను నోటి నిప్పునకును వేర్వేఱు మాటలుండుట మన నిప్పునకును చిచ్చునకును గల భేదము వంటిదే. మార్క్ ఓక్రాండ్ కల్పించిన క్లింగాను భాషలో నిప్పు 'కుల్', పాల్ ఫ్రామర్ కల్పించిన నావీ భాషలో 'తెప్' వంటి ధ్వనితో, తకారమును నొక్కి పలుకబడు ఏకాక్షరము. వీనికి తగిన కుటుంబము ఇంకను అంతగా పెరుగలేదు.

తెలుగు చలనచిత్రమునకు సంబంధించిన కల్పితభాష కిలికి. 2015లో విడుదలైన బాహుబలిలో కాలకేయుల కొరకు తమిళ రచయిత మదన్ కార్కి దీనిని సుమారు 750 పదములతో, 40 వ్యాకరణసూత్రములతో నిర్మించెను. 2020 ఫిబ్రవరి 21న, మాతృభాషా దినోత్సవమునాడు, దీనికి లిపియు, నేర్చుకొనుటకు సాధనములును ప్రజలకందజేయబడినవి. ఆ చిత్రమున కాలకేయులపై జరిగిన యుద్ధమున చమురు తడిసిన గుడారపు బట్టలును, మండు బాణములును ప్రయోగింపబడినవి. కాని ఆ భాష ప్రేక్షకుల మనస్సున నిలిచినది దాని యర్థము వలన గాక నాలుక చప్పుళ్ళ వలననే. భగభగ, చిటపటల తెలుగునకు ఇది కొత్తవిద్య గాదు.

నిజమునకు తెలుగువారు ఇంతకు చాలపూర్వమే ఒక కల్పితభాషను నిర్మించిరి. దాని పేరు అచ్చతెలుగు. పదునాఱవ శతాబ్దమున పొన్నిగంటి తెలగన యయాతిచరిత్రముతో మొదలై, కూచిమంచి తిమ్మకవి అచ్చతెలుగు రామాయణము వఱకు సాగిన ఈ కావ్యమార్గమున సంస్కృతసమములను పూర్తిగా వర్జింపవలెనను నియమమున్నది. అట్టి నియమమునకు లోబడినపుడు అగ్నిదేవునికి, శివునికి, ఇంద్రునికి కొత్తపేర్లు కల్పింపక తప్పదు: శివుడు చిచ్చఱకంటివాడగును, వాయుసఖుడు గాలి నెచ్చెలి వంటి తెలుగు పేరు తొడిగికొనును. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము అట్టి పదములను పద్యములలో కూర్చిన నిఘంటువు. ఎవరును ఇంటిలో మాటాడని భాషయే యైనను, దాని యిటుకలన్నియు ఇంటిమాటలే. అందుచేతనే టోల్కీన్ జీవితకాలము శ్రమించి సాధించిన సహజత్వమును అచ్చతెలుగు కవులు అనాయాసముగా అందుకొనిరి.

జాలరిపేటలో నేడు కట్టెలపొయ్యి తగ్గి గ్యాసుపొయ్యి వచ్చినది. దానితో కుంపటి, నెగడు, కొఱకంచు పిల్లలకు అపరిచితములగుచున్నవి. రాజేయుట యను క్రియకు పని తగ్గినది, ఏలయన గ్యాసునిప్పు రాజుకొనదు, లైటరు నొక్కినంతనే వెలుగును. దానికి ప్రతిగా 'సిమ్ములో పెట్టు' అను కొత్తవాడుక ప్రతి వంటయింటను ప్రవేశించినది. ఇంధనము మారినపుడెల్ల అగ్నివాచకములు మారుట ఇది తొలిసారి గాదు. అగ్గిపెట్టె వచ్చినపుడు పొరుగింటినుండి నిప్పు తెచ్చుకొనుటయు, ఆ నిప్పును నివురుక్రింద దాచుటయు ఇట్లే మఱుగుపడినవి. ఇన్ని మార్పులకు తట్టుకొని నిలిచినది మంట. 'మంట తగ్గించు' అని సరుగుడుకట్టెను పొయ్యినుండి వెనుకకు లాగినపుడు చెప్పిన మాటనే, గ్యాసుపొయ్యి మీట త్రిప్పునపుడును పేటలోని తల్లులు కూతుళ్ళతో చెప్పుచున్నారు.